మింగుడుపడని ముద్ద వెనుక అలర్జీ

గొంతు నుంచి జీర్ణాశయం దాకా దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున ఉండే కండరాల గొట్టం అన్నవాహిక. నమిలి మింగిన ముద్ద కొన్ని సెకన్లలోనే దీన్ని దాటి పొట్టలోకి చేరుతుంది. ఈ గొట్టం లోపలి పొరలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు చేరి, అక్కడే తిష్ఠ వేసి, ఏళ్ల తరబడి వాపు కలిగించే జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. డాక్టర్లు క్లుప్తంగా ఈఓఈ అంటారు. ఆరోగ్యవంతుల పేగుల్లో ఇసినోఫిల్స్ సహజంగానే ఉంటాయి గానీ అన్నవాహిక పొరలో ఉండవు. కాబట్టి అక్కడ అవి గుంపుగా కనిపించాయంటే ఏదో తేడా వచ్చినట్లే. చాలామంది రోగుల్లో ఆ తేడాకు మూలం రోజూ తినే తిండిలోనే, పాలు, గోధుమ, గుడ్డు వంటి మామూలు పదార్థాల్లోని ప్రొటీన్లలో ఉంటుంది.

జబ్బు లక్షణాలు వయసును బట్టి మారతాయి. పసిపిల్లలు పాలు పట్టబోతే ముఖం తిప్పుకుంటారు, బరువు పెరగరు. బడికి వెళ్లే వయసులో వాంతులు, కడుపునొప్పి ఎక్కువ. కౌమారం దాటాక అసలు లక్షణం బయటపడుతుంది: ముద్ద దిగదు. గొంతు దాటిన తర్వాత ఛాతీ మధ్యలో ఎక్కడో ఆగినట్లు అనిపిస్తుంది. మాంసం ముక్క, గట్టి రొట్టె, ముద్దకట్టిన అన్నం ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒక్కోసారి ఆగిన ముద్ద కిందికీ పోక, పైకీ రాక, ఉమ్మి కూడా మింగలేని స్థితిలో రోగి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. అప్పుడు ఎండోస్కోపీ గొట్టం వేసి దాన్ని తొలగిస్తారు. ముద్ద ఇరుక్కుని ఎమర్జెన్సీకి వచ్చేవారిలో, ముఖ్యంగా యువకుల్లో, ఈ జబ్బే ప్రధాన కారణమని పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల అనుభవం. ఆడవారిలో కన్నా మగవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఉబ్బసం, ఎగ్జిమా, తుమ్ములతో వచ్చే ముక్కు అలర్జీ ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది.

ఇంత ఇబ్బంది పెట్టే జబ్బు ఏళ్ల తరబడి ఎలా దాగి ఉంటుందన్న ప్రశ్నకు జవాబు రోగుల భోజన పద్ధతిలో దొరుకుతుంది. వాళ్లు తమకు తెలియకుండానే సర్దుకుపోతారు. ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగుతారు. కూర ముక్కల్ని మరీ చిన్నవి చేసుకుంటారు, అన్నాన్ని చారుతోనో మజ్జిగతోనో జారుగా కలుపుకుంటారు, మాంసం మానేస్తారు, పంక్తిలో అందరికన్నా చివర లేస్తారు. విందులకు వెళ్లడమే తగ్గించుకునేవారూ ఉన్నారు. ఇంట్లోవాళ్లు అదొక అలవాటు అనుకుంటారు. “మింగడం కష్టంగా ఉందా?” అని డాక్టర్ అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే వాళ్లు తినే తీరులో నిజంగానే అంత కష్టం ఉండదు. అందుకే ఈ జబ్బు తెలిసిన వైద్యులు భోజనానికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని నీళ్లు తాగుతారు, ఏయే పదార్థాలు మానేశారు అని ఆరా తీస్తారు. ఖర్చు లేని పరీక్ష ఇది. ఇలాంటి ప్రశ్నలు అడగకపోవడం వల్లే చాలామందికి జబ్బు పేరు తెలియడానికి సంవత్సరాలు పడుతోంది.

ఆ ఆలస్యానికి చెల్లించే మూల్యం ఎంతో స్విట్జర్లాండ్ పరిశోధకులు 2013లో లెక్కగట్టారు. 200 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, లక్షణాలు మొదలైన రెండేళ్ల లోపే జబ్బు గుర్తించినవారిలో నూటికి 17 మందికి అన్నవాహిక ఇరుకుగా మారింది. ఇరవై ఏళ్లకు పైగా గుర్తించకుండా ఉండిపోయినవారిలో ఆ సంఖ్య నూటికి 71. వాపు మానకుండా కొనసాగితే పొర అడుగున మచ్చకణజాలం పేరుకుంటుంది, గొట్టం సాగే గుణం కోల్పోయి బిగుసుకుపోతుంది. మందులకు వాపు తగ్గినంత తేలిగ్గా ఈ మచ్చ కరగదు.

జబ్బుకు ఈ పేరు రావడానికి చాలా కాలం పట్టింది. ఇసినోఫిల్ కణాలను జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1879లోనే వర్ణించారు. ఇయోసిన్ అనే ఎర్రటి రంగును బాగా పీల్చుకుంటాయి కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది. అన్నవాహికలో అవి గుంపులుగా ఉన్న రోగుల గురించి 1970ల చివర వైద్య పత్రికల్లో ఒకటీ అరా నివేదికలు వచ్చాయి. ఆ కాలంలో అన్నవాహికలో ఇసినోఫిల్స్ కనిపిస్తే, పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్లేనని నమ్మేవారు. కాబట్టి రోగికి ఎసిడిటీ మందు ఇచ్చి పంపేవారు. 1993లో స్టీఫెన్ అట్‌వుడ్ బృందం 12 మంది రోగులను వివరిస్తూ ఈ నమ్మకాన్ని ప్రశ్నించింది. వారందరికీ మింగడం కష్టంగా ఉంది, పొర నిండా ఇసినోఫిల్స్ ఉన్నాయి, కానీ దాదాపు అందరిలోనూ ఆమ్లం కొలతలు మామూలుగానే ఉన్నాయి. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో అలెక్స్ స్ట్రామన్ బృందం అలాంటి మరో 10 మంది రోగుల గురించి రాసింది. ఇదొక వేరే జబ్బు అన్న ఆలోచనకు అక్కడ పునాది పడింది.

దానికి అలర్జీతో ఉన్న సంబంధాన్ని తేల్చింది 1995లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పదిమంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనం. ఎసిడిటీ చికిత్సలేవీ పనిచేయని ఆ పిల్లలకు మామూలు తిండి ఆపేసి, ప్రొటీన్లకు బదులు వాటి ముడిసరుకైన అమైనో ఆమ్లాలతో తయారైన ద్రవాహారం కొన్ని వారాల పాటు ఇచ్చారు. 8 మందికి లక్షణాలు పూర్తిగా తగ్గాయి, మిగిలిన ఇద్దరిలో మెరుగు కనిపించింది. పొరలోని ఇసినోఫిల్స్ భారీగా తగ్గాయి. పాత ఆహారం తిరిగి మొదలుపెట్టగానే లక్షణాలు తిరగబెట్టాయి. జబ్బుకు కారణం తిండేనని చెప్పడానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకదు. పదిమంది పిల్లల అధ్యయనం ఒక వైద్యశాఖ దృష్టినే మళ్లించిన అరుదైన సందర్భం అది.

2007లో నిపుణులు కలిసి నిర్ధారణకు కొలబద్ద ఏర్పాటు చేశారు. ఎండోస్కోపీలో తీసిన బయాప్సీ ముక్కను మైక్రోస్కోపు కింద ఎక్కువ పెద్దదిగా చూసినప్పుడు, ఒక్క దృశ్య వలయంలో కనీసం 15 ఇసినోఫిల్స్ కనిపించాలి. ఆ సంఖ్యే నేటికీ ప్రమాణం. వాపు అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది కాబట్టి వేర్వేరు ఎత్తుల నుంచి కనీసం ఆరు ముక్కలు తీయాలంటారు. ఎండోస్కోపీలో కంటికి కనిపించే గుర్తులూ ఉన్నాయి: గుండ్రని వలయాలు, నిలువు చాళ్లు, తెల్లటి చుక్కలు, పొర ఉబ్బడం, గొట్టం ఇరుకవడం. కొందరిలో ఇవేవీ లేకుండా పొర చక్కగా కనిపిస్తుంది. మింగడం కష్టమని వచ్చిన రోగికి పొర బాగుందని బయాప్సీ తీయకుండా వదిలేస్తే జబ్బు తప్పించుకుపోతుంది.

ఎసిడిటీ మందుల కథ ఇక్కడ ఒక మలుపు తిరిగింది. ప్రోటాన్ పంప్ ఇన్‌హిబిటర్లు అనే ఆమ్లం తగ్గించే మందులకు లొంగితే అది ఈఓఈ కాదని చాలాకాలం లెక్కవేశారు. తర్వాత పొరలోని జన్యువుల పనితీరును పోల్చి చూస్తే, ఆ మందులకు లొంగినవారికీ లొంగనివారికీ ఉన్న జబ్బు ఒకటేనని తేలింది. ఆ మందులు ఆమ్లాన్ని తగ్గించడంతో పాటు, ఇసినోఫిల్స్‌ను పిలిచే రసాయన సంకేతాన్ని కూడా అణుస్తాయని ప్రయోగశాలల్లో కనుగొన్నారు. దాంతో 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం పాత నిబంధనను తీసేసింది. అప్పటిదాకా పరీక్షగా వాడిన మందు చికిత్సల్లో ఒకటిగా మారింది.

ఆ రసాయన సంకేతం పేరు ఇయోటాక్సిన్-3. అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో మార్క్ రోథెన్‌బర్గ్ బృందం 2006లో రోగుల అన్నవాహిక కణజాలంలోని జన్యువులన్నిటినీ ఒకేసారి పరిశీలించింది. మనిషి జన్యువుల్లో దాదాపు ఒక శాతం అక్కడ మామూలుకు భిన్నంగా పనిచేస్తున్నాయి. వాటన్నిటిలో విపరీతంగా పెరిగింది ఇయోటాక్సిన్-3 జన్యువు. దాన్ని ఉత్పత్తి చేస్తున్నది రక్తకణాలు కాదు, అన్నవాహిక పొరలోని కణాలే. ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రొటీన్ తాకగానే అవి దాన్ని తయారుచేస్తాయి. అదే ప్రొటీన్ పొరలోని కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాలనూ బలహీనపరుస్తుంది. బంధాలు సడలిన పొరలోంచి తిండిలోని ప్రొటీన్లు లోపలికి జొరబడతాయి, వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు మరింత ఇంటర్‌ల్యూకిన్-13 విడుదల చేస్తాయి. పొర మరింత సడలుతుంది. జబ్బు తనంతట తాను ఆగకపోవడానికి కారణం ఈ వలయమే.

అలర్జీ అయితే ఒళ్లంతటా రావచ్చు కదా, అన్నవాహికలోనే ఎందుకన్న ప్రశ్నకు 2014లో కొంత జవాబు దొరికింది. రోగుల జన్యువులను వేలమంది ఆరోగ్యవంతుల జన్యువులతో పోల్చినప్పుడు క్యాప్న్-14 అనే జన్యువు ఉన్నచోట తేడా కనిపించింది. ఈ జన్యువు ఎక్కువగా పనిచేసేది అన్నవాహికలోనే. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే పద్ధతిలో టీఎస్ఎల్‌పీ అనే జన్యువు బయటపడింది. దానికి ఉబ్బసం, ఎగ్జిమా వంటి ఇతర అలర్జీ జబ్బుల్లోనూ పాత్ర ఉంది. టీఎస్ఎల్‌పీ అలర్జీ స్వభావాన్ని తెస్తే, క్యాప్న్-14 అది ఎక్కడ స్థిరపడాలో నిర్ణయిస్తుందన్న వివరణ ఈ రెంటినీ కలిపి చూస్తే వస్తుంది.

జన్యువులే అంతా కాదని కవలల అధ్యయనం చెప్పింది. రోగుల తోబుట్టువుల్లో రెండు మూడు శాతం మందికే ఈ జబ్బు ఉంది. కానీ వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి ఉండే అవకాశం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. జన్యువుల పోలికలో అలాంటి కవలలకూ మామూలు తోబుట్టువులకూ తేడా లేదు. తేడా అల్లా ఒకే గర్భంలో ఒకేసారి పెరగడం, ఒకే పసితనం గడపడం. పసితనంలో యాంటీబయాటిక్స్ వాడకం, సిజేరియన్ కాన్పు, పుట్టగానే ఇంటెన్సివ్ కేర్‌లో ఉండటం వంటివాటికి ఈ జబ్బుతో సంబంధం కనిపించిన అధ్యయనాలు ఈ దారిలోనే వచ్చాయి. ఇవి సంబంధాలే, కారణాలుగా రుజువు కాలేదు. అవసరమైన సిజేరియన్‌కో యాంటీబయాటిక్‌కో భయపడటానికి వీటిని సాకుగా తీసుకోకూడదు.

వేరుశనగ తిన్న కొన్ని నిమిషాల్లో దద్దుర్లు లేచే అలర్జీకీ ఈఓఈకీ దారి వేరు. అక్కడ ఐజీఈ అనే యాంటీబాడీ ముఖ్యపాత్ర వహిస్తుంది. ఈఓఈలో తిన్న తర్వాత వాపు పెరగడానికి రోజులు, వారాలు పడుతుంది కాబట్టి ఏ పదార్థం పడటం లేదో రోగి తనంతట తాను కనిపెట్టలేడు. చర్మం మీద చేసే అలర్జీ పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష ఇక్కడ సరైన దారి చూపవు. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఈ జబ్బు మీద పనిచేయలేదు. రక్తపరీక్షలో వచ్చిన పొడవాటి జాబితా చూసి పది పదార్థాలు మానేసిన రోగులు ఉన్నారు. ఆ త్యాగం చాలాసార్లు వృథా.

సరైన దారి ఒకటే: అనుమానమున్నవాటిని మాని, బయాప్సీ చేసి, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, మళ్లీ బయాప్సీ చేయడం. షికాగోలో అమీర్ కగల్‌వాలా బృందం 2006లో 35 మంది పిల్లలకు పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశనగతో సహా గింజపప్పులు, చేపలు-రొయ్యలు అనే ఆరు వర్గాలను ఆపి చూసింది. 74 శాతం మందిలో పొర బాగుపడింది. అయితే ఆరు వర్గాలు మానడమంటే కుటుంబమంతా వంట మార్చుకోవాలి, పిల్లవాడు బడిలో, పెళ్లిలో, ప్రయాణంలో అందరూ తినేది తినకూడదు. అందుకే 2023లో వెలువడిన ఒక అమెరికా పరీక్షకు ఇంత విలువ. 129 మంది పెద్దవారిలో కొందరి చేత ఆరు వర్గాలూ, మిగిలినవారి చేత పాల పదార్థాలు మాత్రమే మాన్పించారు. ఆరు వారాల తర్వాత మొదటి బృందంలో 40 శాతం, రెండో బృందంలో 34 శాతం మందికి ఇసినోఫిల్స్ అదుపులోకి వచ్చాయి. గణాంకాల ప్రకారం ఇది తేడా కిందికి రాదు. పాలతో మొదలుపెట్టి, ఫలితం లేకపోతేనే మిగతావాటికి వెళ్లవచ్చని దీంతో ధైర్యం వచ్చింది.

తెలుగు ఇళ్లలో పాలు మానడమంటే కాఫీ, టీలతో ఆగదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, పన్నీరు, కోవా మిఠాయిలు, బిస్కెట్లలో కలిసే పాలపొడి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గోధుమ అంటే చపాతీ, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా. అన్నం, జొన్న రొట్టె, రాగి సంకటి మీద నడిచే భోజనంలో గోధుమ మానడం పాలు మానడం కన్నా తేలిక. పెరిగే పిల్లలకు పాలు ఆపితే కాల్షియం, ప్రొటీన్ వేరే చోట నుంచి అందాలి. కాబట్టి డాక్టర్, ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఇంట్లోవాళ్లే ఈ ప్రయోగానికి దిగడం మంచిది కాదు.

తిండి మార్చుకోలేనివారికి మందులున్నాయి. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్‌ను పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగితే అన్నవాహిక పొరకు అంటుకుని పనిచేస్తుందని 1998లో పిల్లల మీద గమనించారు. చాలా ఏళ్లు రోగులు అలాగే నెట్టుకొచ్చారు. బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్‌ను చిక్కటి ద్రవంలో కలిపి మింగే పద్ధతి తర్వాత వచ్చింది. నోట్లో కరిగిపోయే బ్యుడెసొనైడ్ బిళ్లకు 2018లో యూరప్‌లో అనుమతి లభించింది. దాని పరీక్షలో ఆరు వారాలకు 58 శాతం మందికి లక్షణాలు, వాపు రెండూ తగ్గగా, డమ్మీ మందు తీసుకున్నవారిలో ఒక్కరికీ తగ్గలేదు. అమెరికాలో మింగే ద్రవరూపానికి 2024లో అనుమతి వచ్చింది. మందు వేసుకున్నాక అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు, లేకపోతే పూత కడుక్కుపోతుంది. నోట్లో, అన్నవాహికలో ఫంగస్ పూత రావడం దీని సాధారణ దుష్ప్రభావం. మందు ఆపితే జబ్బు తిరగబెట్టడం దీని అసలు పరిమితి.

ఇంటర్‌ల్యూకిన్-13తో నడిచే వాపు వలయాన్ని మూలంలోనే తెంచే మందు డుపిలుమాబ్. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ వచ్చి తగిలే గ్రాహకాన్ని ఇది మూసేస్తుంది. 12 ఏళ్లు దాటినవారికి చర్మం కింద వారానికొక ఇంజెక్షన్‌గా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 మే నెలలో దీన్ని ఆమోదించింది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన మొట్టమొదటి మందు ఇదే. పరీక్షల్లో 24 వారాలకు దాదాపు 60 శాతం మందిలో ఇసినోఫిల్స్ అదుపులోకి వచ్చాయి, డమ్మీ తీసుకున్నవారిలో 5, 6 శాతం మందికే. మింగడం కూడా తేలికైంది. 2024 జనవరిలో ఏడాది వయసు దాటి, కనీసం 15 కిలోల బరువున్న పిల్లలకూ అనుమతి విస్తరించింది. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

ఈ పరిశోధనల్లో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఒక విఫలమైన మందు. బెన్రాలిజుమాబ్ ఇసినోఫిల్స్‌నే వెతికి చంపుతుంది. 2024లో వెలువడిన మూడో దశ పరీక్షలో 87 శాతం మంది అన్నవాహికలో ఆ కణాలు దాదాపు మాయమయ్యాయి, డమ్మీ తీసుకున్నవారిలో అలా జరిగింది 6.5 శాతం మందికే. అయినా మింగడంలో కష్టం మందు తీసుకున్నవారికీ డమ్మీ తీసుకున్నవారికీ సమానంగానే మిగిలింది. ఏ కణం పేరు జబ్బుకు పెట్టారో ఆ కణాన్ని తుడిచిపెట్టినా రోగికి ఊరట దక్కలేదన్నమాట. పొర దెబ్బతినడంలో టీ-కణాలు, మాస్ట్ కణాలు, పొర కణాలే స్వయంగా పెద్దపాత్ర పోషిస్తున్నాయని, ఇసినోఫిల్ లెక్క జబ్బుకు గుర్తే తప్ప జబ్బంతా అదే కాదని శాస్త్రవేత్తలు ఇప్పుడు భావిస్తున్నారు. మందు విజయాన్ని కణాల లెక్కతో మాత్రమే కొలిచే పద్ధతి మారాలన్న వాదనకు ఇది బలమిచ్చింది.

ఇప్పటికే ఇరుకైన గొట్టాన్ని బెలూన్‌తోనో ప్రత్యేక గొట్టాలతోనో మెల్లగా వెడల్పు చేస్తారు. ముద్ద దిగడం వెంటనే సులువవుతుంది. వాపు మీద దాని ప్రభావం ఏమీ ఉండదు కాబట్టి మందో ఆహార నియమమో తోడుగా కొనసాగాలి.

అమెరికాలో ప్రతి 2,000 మందిలో ఒకరికి ఉందని దశాబ్దం కిందట వేసిన అంచనా, 2022 నాటి లెక్కల్లో సుమారు 700 మందిలో ఒకరికి చేరింది. గుర్తించడం పెరగడమొక్కటే ఈ పెరుగుదలను పూర్తిగా వివరించలేదని నిపుణుల అభిప్రాయం. భారతదేశంలో ఇది ఇంకా అరుదైన జబ్బుగానే పేరుపొందింది. అయితే ఉత్తర భారతంలోని ఒక పెద్ద ఆస్పత్రిలో ఎసిడిటీ లక్షణాలతో వచ్చినవారికి బయాప్సీ చేసి చూస్తే నూటికి సుమారు ముగ్గురిలో ఇది బయటపడినట్లు 2017లో ప్రచురించారు. ఏళ్ల తరబడి గ్యాస్ బిళ్లలు మింగుతున్నా ముద్ద దిగడం లేదనేవారికి బయాప్సీతో కూడిన ఎండోస్కోపీ ఎందుకు అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రతి మార్పు తర్వాతా ఎండోస్కోపీ చేయించుకోవడం, ముఖ్యంగా పిల్లలకు మత్తు ఇచ్చి చేయించడం, ఈ చికిత్సలో పెద్ద భారం. దాన్ని తగ్గించేందుకు అమెరికాలో దారం పరీక్ష రూపొందింది. దారం చుట్టిన చిన్న గుళికను రోగి మింగుతాడు, దారం ఒక కొస బయట బుగ్గకు అతికించి ఉంటుంది. గంట తర్వాత దారాన్ని బయటికి లాగి, దానికంటుకున్న ద్రవంలో ఇసినోఫిల్స్ విడుదల చేసే ప్రొటీన్లను కొలుస్తారు. గుళికలో ముడుచుకుని ఉండి పొట్టలో విచ్చుకునే స్పాంజిని దారంతో పైకి లాగి కణాలు సేకరించే పద్ధతి మరొకటి. ముక్కులోంచి పంపే సన్నటి ఎండోస్కోపీని మత్తు లేకుండానే పిల్లలకు చేస్తున్న ఆస్పత్రులూ ఉన్నాయి. మందుల వైపు చూస్తే, ఇంటర్‌ల్యూకిన్-13 ఒక్కదాన్నే అడ్డుకునే సెండాకిమాబ్ మూడో దశ పరీక్షలో లక్షణాలనూ కణాల లెక్కనూ రెంటినీ తగ్గించినట్లు 2024లో ప్రకటించారు. 2010లో జన్యువుల వెతుకులాటలో దొరికిన టీఎస్ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్, ఉబ్బసానికి ఇప్పటికే వాడుకలో ఉన్న మందు, ఈఓఈ రోగుల మీద మూడో దశ పరీక్షలకు చేరింది.